వాగ్దాన కార్డు మీద లేని మాటలు

కొన్నేళ్ల కిందట, మన తెలుగు ప్రాంతంలోని ఒక బడిలో పనిచేస్తున్నప్పటి మాట. ఆదివారం సాయంత్రం చదువు గంటకు ముందు పన్నెండో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చింది. చేతిలో జీవశాస్త్రం పుస్తకం ఉంది. తెలుగు టీచరు దగ్గరకు జీవశాస్త్రంతో ఎందుకొచ్చిందా అనుకున్నాను. పుస్తకంలోంచి చిన్న కార్డు ఒకటి తీసి నా ముందు పెట్టింది.

చర్చికి వెళ్లే తెలుగు కుటుంబాలకు ఆ కార్డు బాగా తెలుసు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరం వచ్చాక, పళ్లెంలో పెట్టిన కార్డుల్లోంచి ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. దాని మీద ఒక వాక్యం ఉంటుంది. ఆ ఏటికి అదే వారి వాగ్దానం. కొందరు దాన్ని బైబిల్లో పెట్టుకుంటారు, కొందరు బీరువా తలుపుకు అంటిస్తారు. ఈ అమ్మాయి తన పాఠ్యపుస్తకంలో పెట్టుకుంది.

"మేడమ్, దేవుడికి నా గురించి మంచి ఆలోచన ఉందని దీని మీద ఉంది. నాకు మెడికల్ సీటు రాకపోతే ఆ ఆలోచన మారిపోయినట్టా? లేకపోతే అందులో నేను లేనట్టా?" అని అడిగింది.

నేనూ క్రైస్తవురాలినేనని పిల్లలకు తెలుసు. అందుకే నా దగ్గరకు వచ్చింది. నేను చెప్పిన జవాబు మాత్రం ఏమంత గొప్పది కాదు. "వస్తుందిలేమ్మా, ప్రార్థన చేసుకో, కష్టపడు" అన్నాను. ఆ అమ్మాయి "సరే మేడమ్" అని కార్డు మళ్లీ పుస్తకంలో పెట్టుకుని వెళ్లిపోయింది. అడిగిన ప్రశ్న ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడు ఆమెకు సీటు రాలేదు. ఫలితాలు వచ్చిన కొన్ని వారాలకు వాళ్లమ్మ ఫోన్ చేసింది. పిల్ల తలుపు వేసుకుని గదిలోనే ఉంటోందనీ, చర్చికి రమ్మంటే "నేను అక్కడికి వచ్చి ఏం చెప్పాలి?" అంటోందనీ బాధపడింది. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. సీటు పోయిన దుఃఖం వేరు. తనను దేవుడే వద్దనుకున్నాడన్న దుఃఖం వేరు. మొదటిది పరీక్ష ఇచ్చింది. రెండోది ఇచ్చినవాళ్లం మేమే, అంటే ఆమె చుట్టూ ఉన్న పెద్దవాళ్లం.

ఆరోజు చెప్పాల్సిన జవాబును ఆలస్యంగానైనా ఇక్కడ రాస్తున్నాను. క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన పిల్లల కోసమే రాస్తున్నా, ఇందులోని ప్రశ్న ఒక మతానికి చెందింది కాదు. మిగతా పిల్లలు దీన్ని తమ ఇంటి మాటల్లోకి మార్చుకుని చదువుకోవచ్చు. 'నాకు విలువ ఉందా? నేను ఎందుకు పుట్టాను?' అని పదహారేళ్ల వయసులో అడగనివారు ఎవరుంటారు?

ముందు మా పెద్దల తప్పు ఒప్పుకుంటాను. మన యువజన కూడికల్లో సాక్ష్యం చెప్పడమనే మంచి అలవాటు ఉంది. దేవుడు తన జీవితంలో చేసిన మేలును ఒకరు లేచి నలుగురికీ చెబుతారు. కానీ వేదిక మీదికి ఎవరిని పిలుస్తున్నామో గమనించండి. ర్యాంకు వచ్చిన అబ్బాయిని పిలుస్తాం. ఉద్యోగం వచ్చిన అమ్మాయిని పిలుస్తాం. వీసా వచ్చిన అన్నయ్యను పిలుస్తాం. "నేను తప్పాను, అయినా దేవుడు నన్ను విడిచిపెట్టలేదు" అని చెప్పడానికి ఎవరినైనా పిలిచామా? అలాంటివారు ఆ కూడికలోనే, వెనక వరుసలో, ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తూ కూర్చుని ఉంటారు.

ఏళ్ల తరబడి ఇలాంటి సాక్ష్యాలే విన్న పిల్లల మనసులో ఒక లెక్క తయారవుతుంది. దేవుడు ప్రేమించినవాళ్లకు సీటు వస్తుంది. నాకు సీటు రాలేదు. కాబట్టి దేవుడు నన్ను ప్రేమించలేదు. ఈ లెక్క మనం నోటితో నేర్పలేదు, వేదికతో నేర్పాం. లోకం మార్కులతో మనిషిని తూస్తుందని అదే వేదిక మీద ప్రసంగాలు చేస్తాం. ఆ ప్రసంగం ముగియగానే అవే మార్కులకు దేవుని ముద్ర వేసి పిల్లల చేతిలో పెడతాం.

ఇక ఆ కార్డు సంగతి. దాని మీద ఉన్నది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోని మాట. వాగ్దాన కార్డుల మీద తరచుగా కనిపించే మాటల్లో అదొకటి. కార్డు చిన్నది కాబట్టి ఒక్క వాక్యమే పడుతుంది. దాని చుట్టూ ఉన్న మాటలు పట్టవు. ఆ అధ్యాయం మొత్తం చదివితే అది ఒక ఉత్తరమని తెలుస్తుంది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. ఇల్లు, ఊరు, గుడి పోగొట్టుకుని, తెలియని భాష మాట్లాడే దేశంలో ఉన్నవారికి అది చేరింది. రెండేళ్లలో అందరూ ఇంటికి వచ్చేస్తారని అప్పట్లో హనన్యా అనే ప్రవక్త చెప్పాడు. వినడానికి బాగుండే మాట అది. యిర్మీయా అలా రాయలేదు. 70 ఏళ్లు పడుతుందన్నాడు. అంటే, ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇల్లు చూడరు.

మరి అప్పటిదాకా ఏం చేయాలి? ఇళ్లు కట్టుకుని కాపురం ఉండమన్నాడు. తోటలు వేసి వాటి పండ్లు తినమన్నాడు. పెళ్లిళ్లు చేసుకోమన్నాడు. తమను చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోరి, దాని కోసం ప్రార్థించమన్నాడు. దేవుడు వారి విషయంలో మంచి ఆలోచన కలిగి ఉన్నాడన్న మాట ఇంత జరిగాక వస్తుంది. కోరుకున్న చోటికి చేరినవారికి అది చెప్పలేదు. వద్దనుకున్న చోట చిక్కుకున్నవారికి చెప్పాడు. సీటు వచ్చినవారి వాగ్దానంగా మనం పంచుతున్న మాట, అసలు సీటు రానివారికి రాసిన ఉత్తరంలోది.

ఇప్పుడు నేను పనిచేస్తున్నది హిందీ ప్రాంతంలో. మన నవోదయ విధానంలో తొమ్మిదో తరగతిలో 30 శాతం పిల్లలు ఒక ఏడాది వేరే భాషా ప్రాంతానికి మారతారని మీకు తెలుసు. మన తెలుగు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలను ఇక్కడ జూలైలో చూస్తాను. మొదటి వారం మెస్సులో రొట్టె ముందు పెట్టుకుని అన్నం కోసం వెతుకుతుంటారు. రాత్రి ఫోన్ దగ్గర వరుసలో నిలబడి, వంతు వచ్చేసరికి మాట రాక ఏడుస్తారు. నేనూ ప్రతి బదిలీకీ లోపల అలాగే ఉంటాను, కాకపోతే టీచర్లు ఏడవకూడదు. ఈ పిల్లలకు నేను పాఠంలా చెప్పేది యిర్మీయా ఉత్తరంలోని మొదటి భాగమే: ఇక్కడ తోట వేయండి. ఏడాదే కదా అని పెట్టె సర్దుకుని కూర్చోకండి. పక్క మంచం పిల్లవాడి భాష నేర్చుకోండి. ఈ ఊరి మంచి కోరండి. దేవుడు ఏదో మంచిది అనుకున్నాడంటే, దానికి ఈ ఏడాది కూడా చెందుతుంది.

విలువ విషయానికి వద్దాం. మీరందరూ ఆరో తరగతికి ముందు ఒక ప్రవేశ పరీక్ష రాసి వచ్చినవారు. ఒక్కో నవోదయకు గరిష్ఠంగా 80 మందినే తీసుకుంటారు. ఆరోజు మీ పక్క బెంచీలో కూర్చుని రాసిన మీ ఊరి స్నేహితుడు ఎంపిక కాలేదు. మీరు 79వ వారు, అతడు 81వ వాడు అయి ఉండవచ్చు. అతడిలో ఏమైనా తగ్గిందా? సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు అతడు మీకు తక్కువవాడిగా కనిపించాడా? లేదంటారు, నాకు తెలుసు. స్నేహితుడి విషయంలో మీకు ఇంత స్పష్టంగా తెలిసిన సంగతి మీ విషయంలో ఎందుకు మరిచిపోతారు?

సువార్తల్లో ఒక సంఘటన ఉంది. యేసు యొర్దాను నదిలో బాప్తిస్మం తీసుకుని ఒడ్డుకు రాగానే ఆకాశం నుంచి ఒక స్వరం వినబడుతుంది. ఈయన నా ప్రియ కుమారుడు, ఈయన అంటే నాకు సంతోషం అన్న భావం ఆ మాటలది. ఇది ఎప్పుడు జరిగిందో చూడండి. అప్పటికి ఆయన ఒక్క ప్రసంగం చేయలేదు. ఒక్క రోగిని బాగు చేయలేదు. ఒక్క శిష్యుణ్ణి పిలవలేదు. నజరేతులో వడ్రంగి పని చేసుకుంటూ ముప్పై ఏళ్లు గడిపాడు, అంతే. తండ్రి సంతోషం పని పూర్తయ్యాక ఇచ్చిన బహుమతి కాదు. పని మొదలుపెట్టే ముందే చేతికిచ్చిన దారిబత్తెం.

దావీదు కథలోనూ ఇంతే. సమూయేలు ప్రవక్త రాజును ఎన్నుకోవడానికి బేత్లెహేముకు వెళ్లి యెష్షయి కొడుకులను పిలిపిస్తాడు. ఏడుగురు వచ్చి నిలబడ్డారు. ఎనిమిదోవాణ్ణి కన్నతండ్రే పిలవలేదు. గొర్రెల దగ్గర ఉన్నాడులే అని వదిలేశాడు. ఇంట్లోనే లెక్కలోకి రాని పిల్లలు ఆ కథను తీరిగ్గా చదవాలి. అక్కకు, అన్నకు వచ్చిన మార్కులతో రోజూ పోలికలు పడే పిల్లలు ముఖ్యంగా చదవాలి.

బైబిలు కాలం సంగతులు దూరంగా అనిపిస్తే మన దగ్గరి మనిషి గురించి చెబుతాను. గుర్రం జాషువా పేరు తెలుగు చదువుకున్న ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. క్రైస్తవ కుటుంబం. తల్లిదండ్రులవి వేర్వేరు కులాలు. అంటరానివాడని బడిలోనూ, సభల్లోనూ అవమానాలు పడ్డారు. కవిత్వం చదవడానికి లేచిన చోట, పద్యం ఎలా ఉందని కాక ఈయన ఎవరని అడిగినవారు ఉన్నారు. క్రైస్తవుల్లో కొందరికేమో వాళ్లబ్బాయి సంస్కృత కావ్యాలు చదవడం, పురాణ కథలు రాయడం నచ్చలేదు. ఇటు చోటు లేదు, అటు చోటు లేదు.

ఆయన ఉద్యోగాల జాబితా చూస్తే నేటి కెరీర్ సలహాదారులు తల పట్టుకుంటారు. మిషన్ బడిలో పంతులు. తరువాత రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పే పని. తరువాత గుంటూరులో మళ్లీ ఉపాధ్యాయుడు. ఉభయ భాషా ప్రవీణ పరీక్ష ప్యాసై తెలుగు పండితుడు. ఆ పైన మద్రాసు రేడియోలో కొలువు. ఇందులో తిన్నగా పోయిన దారి ఎక్కడుంది? కానీ తెర పక్కన నిలబడి, చదువురాని ప్రేక్షకులకు కథ అర్థమయ్యేలా చెప్పిన ఆ రోజులు వృథా అని ఎవరనగలరు? పండితుడికీ పామరుడికీ ఒకే పద్యంతో చేరువ కాగలిగిన కవి ఆయన.

1932లో వచ్చిన ఆయన 'ఫిరదౌసి' కావ్యం సరిగ్గా విలువ గురించినదే. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చిన సుల్తాను వెండి నాణేలు పంపితే, ఆ పారశీక కవి పడిన వేదన అందులో ఉంది. ఎవరో కట్టిన వెల వేరు, వస్తువు అసలు విలువ వేరు అన్నది జాషువాకు పుస్తకాల్లో తెలిసింది కాదు, ఒంటి మీద తెలిసింది. 1941లో 'గబ్బిలం' వచ్చింది. గుడి గడప దాటనివ్వని ఒక పేదవాడు, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని కాశీలోని శివుడి దగ్గరకు దూతగా పంపుతాడు. పక్షిగా లెక్కించని ఆ ప్రాణికి ఉన్న ప్రవేశం మనిషికి లేదు. అడిగింది ఒక చిన్న ప్రశ్నే, కానీ దాని ముందు ఒక సమాజం తల వంచుకోవాల్సి వచ్చింది.

'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1964లో వచ్చింది. పద్మభూషణ్ 1970లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1971 జూలై 24న ఆయన కన్నుమూశారు. నేను మిమ్మల్ని అడిగేది ఒకటే. జాషువాకు విలువ 1964లో వచ్చిందా? అంతకుముందు అరవై తొమ్మిదేళ్లు లేదా? పురస్కారాలు ఇచ్చినవారు ఆయనకు విలువ ఇవ్వలేదు. ఉన్న విలువను ఆలస్యంగా చూశారు, అంతే. తాను విశ్వనరుణ్ణని ఆయన ప్రకటించుకున్నప్పుడు ఎవరి ఒప్పుదలకూ ఎదురుచూడలేదు. మనిషిని దేవుడు తన పోలికలో చేశాడని ఆదికాండం మొదటి అధ్యాయం చెప్పే మాటను నమ్మిన మనిషి అలాగే నిలబడతాడు. ఇక్కడ ఇంకో మాట కూడా దాచకూడదు. ఆ అధ్యాయాన్ని చదివే మన చర్చిల్లోనే, పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి కులం లేచి కూర్చుంటుంది. మీ తరం దాన్ని కూర్చోనివ్వకపోతే, అది మీ జీవితానికి చాలినంత పెద్ద ఉద్దేశం.

'ఉద్దేశం' అన్న మాట వచ్చింది కాబట్టి, అది ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. ఏదో ఒక రాత్రి కలలో స్వరం వినబడాలని ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసినంతలో అది తలుపు తట్టిన చప్పుడులా వస్తుంది. ఈ మాటకు సాక్ష్యంగా రాయవేలూరు ఆసుపత్రి ఉంది. చిత్తూరు, తిరుపతి వైపు కుటుంబాల్లో పెద్ద జబ్బు వస్తే అక్కడికి రైలెక్కనివారు తక్కువ.

దాని కథ అయిడా స్కడర్ అనే అమ్మాయిది. 1870లో రాణిపేటలో పుట్టింది. మిషనరీ వైద్యుల కుటుంబం. తనకు మాత్రం ఇక్కడ ఉండే ఆలోచన లేదు. అమెరికాలో చదువుకుని అక్కడే హాయిగా స్థిరపడాలనుకుంది. తల్లికి జబ్బు చేసిందని కొన్నాళ్లు సాయంగా ఉండటానికి తిండివనం వచ్చింది. ఒక రాత్రి, ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు మనుషులు వచ్చి తలుపు తట్టారు. వారిలో బ్రాహ్మణుడు ఉన్నాడు, ముస్లిం ఉన్నాడు. ముగ్గురి ఇళ్లలోనూ భార్యలు ప్రసవం కాక కొట్టుకుంటున్నారు. మా నాన్న డాక్టరు, ఆయన్ని తీసుకువెళ్లండి అంది. పరాయి మగవాడు మా ఆడవాళ్లను చూడకూడదన్నారు. నీవు రా అన్నారు. తనకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు.

అయిడా వెళ్లి 1899లో వైద్య పట్టా తీసుకుంది. 1900లో తిరిగి వచ్చి వేలూరులో ఒక చిన్న గదిలో రోగులను చూడటం మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచింది. ఆ గది నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ అయింది. ఇక్కడ మీరు పట్టుకోవలసింది ఆసుపత్రి పరిమాణం కాదు. ఆ అమ్మాయికి ఉద్దేశం తన కోరికల జాబితాలోంచి రాలేదు. ఎదుటివారి అవసరం తలుపు తట్టినప్పుడు వచ్చింది. 'నేను ఏమవ్వాలి?' అని మనం అడిగినంతకాలం చూపు మన మీదే ఉంటుంది. 'ఇక్కడ ఎవరికి ఏం కావాలి?' అని అడిగినప్పుడు తలుపు చప్పుడు వినబడుతుంది.

"అదంతా గొప్పవాళ్ల సంగతి మేడమ్, నాకేముంది?" అనే పిల్లల కోసం తలాంతుల ఉపమానం గుర్తు చేస్తాను. యజమాని ఊరు వెళుతూ ఒక సేవకుడికి అయిదు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి తలాంతులు అప్పగిస్తాడు. ఒకటి అందుకున్నవాడు దాన్ని భూమిలో పాతిపెట్టి తిరిగి ఇచ్చేస్తాడు. 'పాపం, వాడికి ఒకటే ఇచ్చారు' అని మనకు అనిపిస్తుంది. కానీ తలాంతు అన్నది వెండి తూకం. దాదాపు ఆరు వేల దేనారాల విలువ. ఆ కాలంలో కూలివాడి రోజు కూలి ఒక దేనారం. అంటే ఒక్క తలాంతు ఒక కూలివాడి ఇరవై ఏళ్ల సంపాదన. తక్కువ అందుకున్నవాడికి కూడా అంత అందింది. వాడు పాతిపెట్టింది తక్కువ ఇచ్చారన్న కోపంతో కాదు, భయంతో. ఆ సంగతి వాడే ఒప్పుకుంటాడు. పక్కవాడి అయిదును చూస్తూ నిలబడితే మన చేతిలోని ఇరవై ఏళ్ల కూలి మనకు కనబడదు.

మన బడిలోనే చూడండి. ఒక పిల్లవాడికి రాగం తీసే గొంతు ఉంది. ఒకరికి లెక్క అర్థం కానివారికి విసుగు లేకుండా పదిసార్లు చెప్పే ఓపిక ఉంది. ఒకమ్మాయికి కొత్తగా వచ్చిన పిల్ల ఒంటరిగా తింటోందని గమనించే కన్ను ఉంది. ఈ మూడోదానికి ఏ పరీక్షలోనూ మార్కులు లేవు. ఇంటికి దూరంగా ఉన్న ఆ కొత్త పిల్లకు మాత్రం ఆ రాత్రి అదే దేవుడు పంపిన సాయం.

రెండు హెచ్చరికలు చేసి ముగిస్తాను. మొదటిది, విలువ ముందే దొరికింది కదా అని పుస్తకం మూసేయకండి. ప్రేమ దొరుకుతుందో లేదోనని భయంతో చదివేవాడి కంటే, అది ఎలాగూ ఉందని తెలిసి చదివేవాడు స్థిమితంగా చదువుతాడు. పరీక్షలో తప్పితే మళ్లీ రాయడానికి లేవగలిగేది కూడా అతడే. దేవుడి మీద భారం వేయడమంటే రివిజన్ మానేయడం కాదు.

రెండోది దీనికంటే ముఖ్యం. మనసు మరీ చీకటిగా అయిపోయి, ఇక ఉండటమే దండగ అనిపిస్తే, దాన్ని విశ్వాసం తక్కువ కావడం వల్ల వచ్చిన పాపంగా భావించి దాచుకోకండి. ఏలీయా అంతటి ప్రవక్త ఎడారిలో ఒక చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నన్ను చనిపోనివ్వమని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆయన్ని మందలించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి తినిపించాడు. ప్రయాణం సంగతి ఆ తరువాతే ఎత్తాడు. అలసిన మనసుకు ప్రసంగం కంటే ముందు నిద్ర, తిండి, పక్కన ఒక మనిషి కావాలి. హౌస్ టీచరుకు చెప్పండి, ఇంట్లో చెప్పండి, నాకు చెప్పండి. ఎవరికీ చెప్పలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి-మానస్ సేవ, తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. డాక్టరు దగ్గరకు వెళ్లడం ప్రార్థనకు విరోధం కాదు. రాయవేలూరు ఆసుపత్రి కట్టినవారిని అడిగినా అదే చెబుతారు.

ఇంతకీ ఆ అమ్మాయి ఏమైందని అడుగుతారు. వాళ్లమ్మ ఫోన్ చేసిన తరువాత నేను వాళ్లింటికి వెళ్లాను. గడప దగ్గరే, ఆరోజు నేను సరైన జవాబు చెప్పలేదమ్మా, నాదే పొరపాటు అన్నాను. యిర్మీయా ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా ఇద్దరం కూర్చుని చదివాం. "ఇదంతా కార్డు మీద ఎందుకు వేయరు మేడమ్?" అంది. చాలా వారాల తరువాత ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారని వాళ్లమ్మ చెప్పింది.

ఇప్పుడు ఆ అమ్మాయి బాగుంది. ఏం చదువుతోందో, ఎక్కడ ఉందో మాత్రం రాయను. రాస్తే ఇదీ ఇంకో విజయ సాక్ష్యం అయిపోతుంది, మీరు మళ్లీ మీ మార్కులతో ఆమెను పోల్చుకుంటారు. ఆరోజు గదిలో తలుపు వేసుకుని కూర్చున్నప్పుడు కూడా ఆమె విలువ ఇప్పుడున్నంతే. అది తెలిస్తే చాలు.

ప్రతి ఉదయం తరగతిలోకి వెళ్లగానే నేను చేసే మొదటి పని హాజరు పిలవడం. హోంవర్కు చేశారా, నిన్నటి పరీక్షలో ఎన్ని వచ్చాయి అని అప్పుడు అడగను. పేరు పిలుస్తాను, మీరు పలుకుతారు. పాఠం, పరీక్ష, మార్కులు అన్నీ ఆ పిలుపు తరువాతే. దేవుడి దగ్గర కూడా వరుస అదేనని నేను నమ్ముతున్నాను.